పిల్లలతో ఆకులు, గింజలు, బెండు బొమ్మలు: ఏరడం దగ్గర్నుంచి ఆడుకోవడం దాకా

"ఆకులు తెచ్చాం, అట్టమీద అతికించాం, మూడోరోజుకి ముడుచుకుపోయి ఊడిపోయాయి." "తాటాకు గిరక చేశాం, తిరగలేదు." "జొన్న బెండు పట్టుకుంటే పొడిపొడి అయిపోతోంది." పిల్లలతో ఇలాంటి పనులు మొదలుపెట్టినవాళ్లు మళ్లీ మళ్లీ చెప్పే ఇబ్బందులివి. వీటిలో చాలావరకు చేతి నైపుణ్యం లేక వచ్చినవి కావు. పచ్చిగా వాడాల్సినదాన్ని ఎండబెట్టి వాడటం, ఎండాక వాడాల్సినదాన్ని పచ్చిగా వాడటం వల్ల వచ్చినవి. ఆ ఒక్కటి సరిచేసుకుంటే మిగతాది పిల్లలే చూసుకుంటారు.

ఇక్కడ ఐదు వస్తువులు చెబుతున్నాను: చింతపిక్కల బద్దలు, తాటాకు గిరక, జొన్న బెండు (ఎండు దంటు లోపలి మెత్తటి తెల్లభాగం) కళ్ళజోడు, దానిమీద చెయ్యి తిరిగాక ఎడ్లబండి, ముంజకాయల బండి, రావి ఆకు జాలి (ఈనెల వల). చివర్లో కొబ్బరాకు బూర కొసరు. దేనికీ కొనాల్సింది దాదాపు ఏమీ లేదు.

1. పచ్చిదా, వడలిందా, ఎండిందా?

ఏది చేతికి దొరికినా ముందు ఈ ప్రశ్న వేసుకోండి.

- పచ్చిగానే వాడాల్సినవి: ముంజకాయ బుర్రలు, కొబ్బరాకు బూర. ఏరిన రోజో, మర్నాడో పని అయిపోవాలి.
- ఒకరోజు నీడన వాడ్చి (వడలనిచ్చి) వాడాల్సినవి: తాటాకు, ఈతాకు. మరీ పచ్చిగా ఉంటే ఎండాక కుంచించుకుపోయి పట్టు వదిలేస్తాయి. పూర్తిగా ఎండితే మడత దగ్గర విరుగుతాయి.
- బాగా ఎండాక వాడాల్సినవి: జొన్న దంటు, చింతపిక్కలు, కాయల డొప్పలు, పుల్లలు.
- అతికించే ఆకులు, పూలు: పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, వారం రోజులు ఆగాక. పేపర్లు మొదటి మూడు రోజులూ రోజూ మార్చాలి. మార్చకపోతే ఆ తడికి బూజు పడుతుంది.

తాటాకు వడలిందో లేదో తెలుసుకోవడం తేలిక. ముక్కను వేలి చుట్టూ చుట్టి వదలండి. టక్కున నిటారుగా లేస్తే ఇంకా పచ్చి. మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉంది. పగిలిన చప్పుడు వస్తే ఆలస్యమైంది. అలాంటిదాన్ని తడిగుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచితే చాలావరకు దారికొస్తుంది.

2. ఏరడానికి వెళ్లేముందు

పొద్దున్నే వెళ్లండి. ఎండ ముదిరితే పిల్లలకు ఓపిక ఉండదు, మంచు తడి పూర్తిగా ఆరకముందే వెళితే తెచ్చినవన్నీ సంచిలో చెమ్మగిల్లుతాయి. ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య బాగుంటుంది.

వెంట ఉండాల్సినవి:

- గుడ్డ సంచులు రెండు, ఒకటి పచ్చివాటికి, ఒకటి ఎండినవాటికి. ప్లాస్టిక్ కవర్లో పచ్చి ఆకులు గంటలో ఉడికిపోతాయి.
- ఆకుల పోగులు కదిపి చూడటానికి పొడుగు కర్ర. ఎండుటాకుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపడం అలవాటు చేయండి. పాములు, తేళ్లు ఉండేది అక్కడే.
- కాళ్లకు బూట్లు, తాగే నీళ్లు, గాయం కట్టుకునే గుడ్డ.

పిల్లలకు చెప్పే నియమం ఒక్కటే చాలు: కింద పడినవే ఏరాలి. కొమ్మనుంచి తీయాల్సినవి, రావి ఆకులూ తాటాకూ లాంటివి, పెద్దవాళ్లు తీస్తారు. కాయ, గింజ ఏదైనా సరే నోట్లో పెట్టకూడదు.

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు లాంటి జాతీయ పార్కుల్లో, అభయారణ్యాల్లో ఏమీ ఏరకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడినుంచి ఏదైనా తీసుకుపోవడాన్ని నిషేధిస్తుంది. కాలనీ రోడ్డు పక్క, గుడి ఆవరణ, బడి మైదానం, పొలం గట్టు, ఇవి చాలు. పొలమైతే రైతును అడిగి వెళ్లండి, ఈ మధ్య మందు కొట్టారా అనీ అడగండి.

3. ముట్టుకోకూడనివి పిల్లలకు చూపించి చెప్పండి

ఈ భాగాన్ని దయచేసి దాటేయకండి. "అడవిలోవన్నీ విషం" అని భయపెడితే లాభం లేదు. మొక్క దగ్గరే నిలబడి, ఇది ఫలానా అని పేరుతో చూపించాలి.

- గురివింద గింజలు: ఎర్రగా, నల్ల చుక్కతో, చూడగానే ఏరబుద్ధేస్తాయి. కానీ ప్రాణం తీసే విషం. పైపెంకు గట్టిది కాబట్టి ఊరికే తాకితే ఏమీ కాదు, కొరికినా, దండకోసం గుచ్చినా ప్రమాదం. దండల్లో, బొమ్మ కళ్లకు పెట్టే అలవాటు ఇంకా కనిపిస్తుంది. పిల్లల చేతిపనుల్లోంచి వీటిని పూర్తిగా తీసేయండి.
- ఆముదం గింజలు: ఇవీ అంతే. ముచ్చటైన మచ్చలుంటాయి, లోపల విషం.
- పచ్చగన్నేరు కాయలు, ఉమ్మెత్త కాయలు: రెండూ విషమే.
- జిల్లేడు పాలు: కంట్లో పడితే చూపుకే ముప్పు. తెలియక తుంచితే వెంటనే సబ్బుతో చేతులు కడగాలి, అప్పటిదాకా కళ్లు నలపకూడదు.
- దూలగొండి కాయలు: నూగు తగిలితే గంటలకొద్దీ దురద.
- పచ్చి జీడిపిక్కలు: పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది.
- వయ్యారిభామ: తెల్లపూల కలుపు మొక్క. చాలామందికి దద్దుర్లు, తుమ్ములు తెస్తుంది.
- వానాకాలంలో మునగ చెట్టు మొదలు: గొంగళి పురుగులు గుంపుగా అంటుకుని ఉంటాయి.

మూడేళ్లలోపు పిల్లలకు చిన్న గింజలేవీ ఇవ్వకూడదు, గొంతుకో ముక్కుకో అడ్డం పడతాయి. వాళ్లకు వాళ్ల పిడికిలికంటే పెద్దవే ఇవ్వండి: పెద్ద ఆకులు, కొబ్బరి డొప్పలు.

4. పనిముట్లు, జిగురు

పిల్లలకు: మొండి కొసల కత్తెర, పాత మెత్తటి టూత్‌బ్రష్, ఒక పళ్లెం, తడిగుడ్డ.
పెద్దలకు: చాకు, బ్లేడు, సన్నటి మేకు, లావుపాటి సూది. ఇవి పిల్లలు కూర్చునేచోట కాకుండా మీ పక్కన, ఎత్తులో ఉండాలి.

జిగురుకు మూడు దారులు. కాగితం మీద ఆకు అంటించడానికి అన్నం మెతుకులు చాలు, వేళ్లతో మెదిపి పలచగా రాయాలి. కాస్త ఎక్కువ పనుంటే ఒక వంతు మైదా, ఐదు వంతుల నీళ్లు ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద గరిటెకు పట్టుకునేదాకా ఉడికించండి. రెండు రోజులకు పులుస్తుంది కాబట్టి కొంచెమే చేయండి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపమని ఎవరైనా చెబితే వినకండి, అది విషం, పిల్లల వేళ్లు నోట్లోకే పోతాయి. పుల్లలు, పెంకులు అతికించడానికి తుమ్మ జిగురు: రాత్రి నానబెట్టి, పొద్దున్నే గుడ్డలో వడకట్టాలి.

ఈ ఐదింటిలో దేనికీ అసలు జిగురే అక్కర్లేదు. ముల్లు, పేళ్లు (జొన్న దంటు పైచర్మం చీలికలు), పుల్ల, వీటితోనే నిలబడతాయి. జిగురు లేకుండా నిలబెట్టడం నేర్చుకున్న పిల్లలు ఏది ఎక్కడ ఆనుకుంటుందో చూడటం కూడా నేర్చుకుంటారు. జిగురు సీసాను అలవాటుగా ముందు పెట్టకండి.

5. చింతపిక్కల బద్దలు (ఐదేళ్లు దాటినవాళ్లకు)

మొదటిరోజుకు ఇదే మంచిది. చెడిపోవడానికి ఏమీ ఉండదు, చేసిన వెంటనే ఆడుకోవచ్చు.

1) చింతపండులోంచి తీసిన పిక్కలను నీళ్లలో నలిపి, అంటిన గుజ్జంతా పోయేదాకా కడిగి, రెండు రోజులు ఎండబెట్టండి. తేమ ఉంటే పుచ్చుతాయి.
2) బల్లపరుపుగా, ఒకే పరిమాణంలో ఉన్నవి నాలుగు ఏరుకోమనండి. ఈ ఎంపిక పిల్లలదే.
3) గరుకు బండమీదో, సిమెంటు గచ్చుమీదో నాలుగు చుక్కల నీళ్లు వేసి, పిక్క ఒక పక్కను ముందుకీ వెనక్కీ రుద్దాలి. ముందు మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తుంది. అది పెరిగి పెరిగి అంచుల దాకా వస్తే బద్ద తయారైనట్టు. రెండో పక్క గోధుమరంగులోనే ఉండాలి.

వేలికొసలు గీసుకుపోతున్నాయా? తడి మట్టిముద్దలో పిక్కను సగం దిగేసి, ముద్దను పట్టుకుని రుద్దమనండి. పొడిగా రుద్దితే పిక్క వేడెక్కి చురుక్కుమంటుంది. ఆ చురక పక్కవాడికి అంటించకుండా ఏ పిల్లలూ ఉండరు, నీళ్లు వేయమన్నది అందుకు కూడా.

నాలుగు బద్దలూ అయ్యాక సుద్దముక్కతో గచ్చుమీద అయిదు వరసల అయిదేసి గళ్లు గీసి అష్టాచెమ్మా వేయండి. ఒక్క తెలుపు పడితే ఒకటి, రెండైతే రెండు, మూడైతే మూడు, నాలుగూ తెలుపైతే చెమ్మా అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. పిక్క ఎప్పుడూ ఒకే పక్కకు పడుతుంటే అది సమంగా అరగలేదని అర్థం, మళ్లీ బండమీదికి.

6. తాటాకు గిరక (ఆరేళ్లు దాటినవాళ్లకు)

కావాల్సినవి: వాడ్చిన తాటాకు, పొడుగాటి తుమ్మ ముల్లు ఒకటి, జానెడు జొన్న దంటు.

1) ఈనె లేకుండా ఆరంగుళాల పొడవు, అంగుళం వెడల్పు ముక్క కత్తిరించండి. రెండు కొసలూ ఒకే వెడల్పుండాలి.
2) ముక్కను నిలువుగా సగానికి, మళ్లీ అడ్డంగా సగానికి మడవకుండా, వేలితో మాత్రమే ఆనించి గుర్తు పెట్టండి. గుర్తులు కలిసేచోటే నడుమ.
3) అక్కడ ముల్లుతో పొడిచి, ముల్లును గుండ్రంగా నాలుగుసార్లు తిప్పండి. రంధ్రం ముల్లుకంటే పిసరంత పెద్దదవ్వాలి.
4) రెండు కొసలను రెండు చేతులతో పట్టుకుని, కుడిచేతిని అవతలికి, ఎడమచేతిని ఇవతలికి మెలిపెట్టి, పదిదాకా లెక్కపెట్టి వదలండి.
5) ముల్లు మొదలు బయటివైపు, మొన దంటువైపు ఉండేలా ఆకులోంచి దూర్చండి. ఆకుకూ దంటుకూ మధ్య గోరంత బెండు ముక్క గుచ్చి, తర్వాత ముల్లును దంటులోకి దించండి. దంటు అవతల మొన పొడుచుకొస్తే పెద్దవాళ్లు తుంచేయాలి.

తిరగకపోతే ఈ వరసలో చూడండి:

- ఊది చూస్తే ఊగుతోంది, తిరగడం లేదు: రెండు కొసలూ ఒకేవైపు మెలిపడ్డాయి. ఒకదాన్ని తిప్పేయండి. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.
- వదిలితే ఒక కొస ఎప్పుడూ కిందికే వస్తోంది: ఆ కొస బరువు. కత్తెరతో అంచు కొద్దికొద్దిగా తీయండి.
- కాసేపు తిరిగి ఆగుతోంది: దంటును రాసుకుంటోంది. బెండు ముక్క మందం పెంచండి, లేదా ముల్లును కొంచెం బయటికి లాగండి.

ముల్లు దొరక్కపోతే గుండుసూది పనిచేస్తుంది, కానీ రంధ్రాన్ని దానికి తగ్గట్టు చిన్నదిగా చేయాలి. గిరక పట్టుకుని పరిగెత్తేటప్పుడు దంటు మొహానికి దూరంగా, చెయ్యి చాచి పట్టుకోవాలని చెప్పండి.

7. జొన్న బెండు కళ్ళజోడు, ఆ తర్వాత ఎడ్లబండి (ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు)

వీటన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఒక్క ఎండు దంటులో మేకులూ ఉన్నాయి, దూలాలూ ఉన్నాయి. పైన గట్టి చర్మాన్ని చీలిస్తే పేళ్లు, లోపల తెల్లటి బెండు. పేడు బెండులో సులువుగా దిగుతుంది, దిగాక బిగుసుకుంటుంది. జిగురు, దారం ఏమీ లేకుండా ఎంత పెద్ద బొమ్మైనా కట్టొచ్చు.

దంటు ఎంపిక. జొన్న కోతలయ్యాక, చొప్ప బాగా ఎండినప్పుడు తీసుకోండి. కణుపులు దూరం దూరంగా ఉన్నది మంచిది. కోసి చూస్తే బెండు తెల్లగా ఉండాలి. ఎర్రబారినా, సన్నటి చిల్లులు కనిపించినా పురుగు తిన్నదే. పట్నాల్లో జొన్న చొప్ప దొరక్కపోతే మొక్కజొన్న దంటు వాడొచ్చు, కాకపోతే దాని బెండు ఇంకా మెత్తన, తొందరగా నలుగుతుంది.

పేళ్లు తీయడం. ఈ పని పెద్దలదే. జొన్న పేడు అంచు బ్లేడులా కోస్తుంది.

1) రెండు కణుపుల మధ్య ముక్కను చాకుతో కోయండి. కణుపు ఉండకూడదు.
2) ఒక కొస దగ్గర చర్మాన్ని చాకుమొనతో కొంచెం లేపండి.
3) లేచిన కొసను గుడ్డతో పట్టుకుని, మీవైపు కాకుండా అవతలికి లాగండి. అగ్గిపుల్ల వెడల్పున నిలువుగా వస్తుంది.
4) అలా చుట్టూ ఒలిచి, ప్రతి పేడు రెండు అంచులనూ గరుకుకాగితంతో ఒకసారి రాయండి. ఆ తర్వాతే పిల్లలకు ఇవ్వండి.
5) వంచాల్సిన పేళ్లను పది నిమిషాలు నీళ్లలో నానేయండి. పొడివి వంచితే విరుగుతాయి.

కళ్ళజోడు:

1) బెండు ముక్కలు మూడు: ముక్కుమీదికి అంగుళం పొడవుది ఒకటి, చెవులవైపుకు అర అంగుళానివి రెండు.
2) ముందు రంధ్రాలన్నీ సూదితో పొడవండి. నడిమి ముక్కకు కుడిపక్క పైనొకటి కిందొకటి, ఎడమపక్క కూడా అలాగే. పక్క ముక్కలకు పైనుంచి కిందికి ఆరపార ఒకటి, వెనక ఒకటి.
3) నానిన పేడు, ఆరంగుళాలది, పక్క ముక్కలోంచి దూర్చి ముక్కను సరిగ్గా మధ్యకు జరపండి. పేడును వంచి, ఒక కొసను నడిమి ముక్క పై రంధ్రంలో, రెండో కొసను కింది రంధ్రంలో దించండి. ఒక కన్ను తయారు. రెండో కన్నూ అంతే.
4) పక్క ముక్కల వెనక రంధ్రాల్లో ఒక్కో పేడు దించండి, ఇవే కాడలు. కాడ చివర చిన్న బెండు పూస గుచ్చడం మర్చిపోకండి, లేకపోతే చెవికి గీరుకుంటుంది.

తడి ఆరేదాకా పెట్టుకోకుండా బల్లమీద ఉంచితే వంపు అలాగే నిలిచిపోతుంది.

ఎడ్లబండికి ఇదే పద్ధతి, ముక్కలు ఎక్కువ. నొగలకు (బండికి రెండు పక్కలా ఉండే పొడుగు దూలాలకు) జానెడు బెండులు రెండు సమాంతరంగా పెట్టి, వాటిని కలుపుతూ అడ్డంగా నాలుగైదు పేళ్లు దించితే బండి పరుపు. దాని కింద ఇరుసుగా ఒక లావుపాటి పేడు రెండు నొగలనూ గుచ్చుకుంటూ పోవాలి. చక్రాలకు దంటు మొదట్లో లావుగా ఉండే బెండు నుంచి బిళ్లలు కోయండి. చక్రం బయటివైపు చిన్న బెండు పూస గుచ్చితే అదే సీల, చక్రం ఊడదు. నొగల కొసలమీద అడ్డంగా ఒక పేడు, అదే కాడి. ఎద్దుకు రెండంగుళాల బెండు, నాలుగు పేళ్ల కాళ్లు, తలకు చిన్న ముక్క, కొమ్ములకు నానబెట్టి వంచిన పేడు.

దొర్లకపోతే చక్రం రంధ్రం బిగువుగా ఉందని అర్థం, సూదితో వదులు చేయండి. ఎద్దు పడిపోతుంటే కాళ్లను నిలువుగా కాక కొంచెం ఎడంగా దించండి. బెండు పొడి రాలుతుంటే మరీ ఎండింది: తడిచేతితో ఒకసారి నిమిరి, పావుగంట ఆగి పొడవండి. పొడిచిన రంధ్రంలోనే మళ్లీ మళ్లీ పేడు తీసి పెడితే పట్టు పోతుంది. అప్పుడు గోరంత పక్కకు కొత్త రంధ్రం చేయడమే, పాతదాన్ని పూడ్చే ప్రయత్నం వద్దు.

8. ముంజకాయల బండి (వేసవిలో మాత్రమే)

ముంజలమ్మేవాళ్ల దగ్గర ఖాళీ బుర్రలు కుప్పగా పడుంటాయి, అడిగితే ఇస్తారు. ముంజలు కొన్నప్పుడే ఒకే పరిమాణంలో ఉన్న రెండు బుర్రలు ఏరుకోండి. పాత బట్టలు వేసుకోండి, ఆ పసరు మరక వదలదు.

1) ఇరుసుకు బొటనవేలి లావు, అడుగు పొడవున్న తిన్నని పుల్ల. రెండు కొసలూ పెద్దవాళ్లు చెక్కి మొన తేల్చాలి.
2) బుర్ర కోసిన ముఖం చూడండి. సాధారణంగా మూడు గుంటలుంటాయి. మూడూ కలిసే నడుమ గట్టి పీచు ఉంటుంది, ఇరుసు దిగాల్సింది సరిగ్గా అక్కడే. గుంటలోంచి దించితే చక్రం ఒంకర తిరుగుతుంది.
3) స్క్రూడ్రైవర్‌తో ముందు దారి చేసి, పుల్లను తిప్పుతూ దించండి. రెండు బుర్రలూ ఇరుసుకు బిగువుగా ఉండాలి. మధ్య బెత్తెడు ఖాళీ వదలండి.
4) బయటికొచ్చిన మొనలను తుంచి మొండి చేయండి.
5) పిల్లల ఛాతీ ఎత్తున్న పంగల కర్ర తీసుకుని, పంగను ఇరుసు మధ్యలో ఆనించి ముందుకు తోయడమే.

పంగ పక్కకు జారిపోతుంటే ఇరుసు మధ్యలో చుట్టూ గాడి కోయండి. కీచుమంటూ ఆగుతుంటే గాడిలో రెండు చుక్కల కొబ్బరినూనె. మూడు నాలుగు రోజుల్లో బుర్రలు కుంచించుకుపోయి, ఈగలు ముసురుతాయి. అప్పుడు బుర్రలను చెత్తగుంటలో వేసి, ఇరుసునూ పంగల కర్రనూ దాచండి. కొత్త బుర్రలతో బండి మళ్లీ నిమిషాల్లో సిద్ధం.

9. రావి ఆకు జాలి (ఓపికున్న పిల్లలకు, ఏడేళ్లు దాటాక)

ఆకులోని మెత్తటి కండ కుళ్లిపోయి, ఈనెల వల మాత్రమే మిగిలేలా చేయడం ఇది. రెండు మూడు వారాలు, ఒక్కోసారి నాలుగు పడుతుంది. పిల్లలకు ముందే చెప్పండి, గోడమీది క్యాలెండర్‌లో నీళ్లు మార్చే రోజులకు వాళ్లతోనే గుర్తు పెట్టించండి.

ఆకు ఎంపిక: ముదురాకుపచ్చగా, దళసరిగా, చిల్లుల్లేనిది. లేతాకు తోమగానే చిరుగుతుంది. ఎండి గోధుమరంగుకు తిరిగింది పెళుసుబారి ఉంటుంది. అరడజను కావాలనుకుంటే పది నానేయండి, కొన్ని చిరగక మానవు.

1) మూతున్న వెడల్పాటి డబ్బాలో ఆకులు పరిచి, మునిగేలా నీళ్లు పోసి, పైన చిన్న రాయి పెట్టండి.
2) డబ్బాను బయట నీడలో ఉంచండి, వాసన వస్తుంది. మూత గట్టిగా ఉండాలి. నిలవనీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, కాబట్టి ఇందులో అశ్రద్ధ పనికిరాదు.
3) మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చండి, మొత్తం పారబోయకుండా పాతనీళ్లు గ్లాసెడు ఉంచండి. ఆకు కండను తినే సూక్ష్మజీవులు ఆ నీళ్లలోనే ఉంటాయి.
4) రెండు వారాల తర్వాత ఒక ఆకు తీసి, అంచు దగ్గర బొటనవేలితో మెల్లగా నెట్టి చూడండి. పైపొర జిగటగా జారితే సిద్ధం. అంటుకునే ఉంటే మళ్లీ నీళ్లలోకి.
5) పళ్లెంలో పలచగా నీళ్లు పోసి ఆకును అందులో పరచండి. టూత్‌బ్రష్‌తో రుద్దకూడదు, తట్టాలి. బ్రష్ నిలువుగా పట్టుకుని టపటపా తడుతుంటే ఆకుపచ్చ కండ మేఘంలా నీళ్లలోకి విడిపోతుంది. నడిమి ఈనె నుంచి అంచులవైపు వెళ్లాలి. తర్వాత తిరగేసి రెండో పక్క.
6) రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, పేపర్ల మధ్య ఆరబెట్టండి. సగం ఆరాక పేపర్లు మార్చాలి, లేకపోతే జాలి పేపరుకే అంటుకుంటుంది.

చిరిగితే: నానడం చాలకముందే తోమారు. మచ్చలుగా ఆకుపచ్చ మిగిలితే: దాన్ని గోకకండి, ఇంకో మూడు రోజులు నానేయండి. కొసన ఉండే పొడుగాటి తోక ముందు విరుగుతుంది, అక్కడ బ్రష్ బదులు వేలికొస వాడమనండి.

చాకలిసోడాతో ఉడికిస్తే ఒకరోజులోనే అవుతుందని కొందరు చేస్తారు. లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాలు వేసి, స్టీలు గిన్నెలో (అల్యూమినియం పాడవుతుంది) సన్నసెగన ఉడికించాలి. ఆ వేడినీళ్లు చర్మానికీ కళ్లకూ ప్రమాదం, కాబట్టి పిల్లలు వంటింట్లో లేనప్పుడు, చేతితొడుగులు వేసుకుని మీరే చేయండి. తెల్లగా రావాలని బ్లీచింగ్ జోలికి పోనక్కర్లేదు. లేత గోధుమరంగే బాగుంటుంది, కావాలంటే పసుపు నీళ్లలో ముంచండి.

10. కొబ్బరాకు బూర

పచ్చి కొబ్బరాకు రెబ్బల ఈనెలు తీసేయండి. ఒక కొసను పెన్సిలంత సన్నగా చుట్టి, చుట్టు చుట్టుకూ సగం పైకి ఎక్కిస్తూ గరాటులా పెంచుకుంటూ పోండి. రెబ్బ అయిపోతే రెండోదాని మొదలు లోపలికి దోపి కొనసాగించి, చివర ఈనె ముక్క గుచ్చి బిగించండి. సన్న కొసను వేళ్లమధ్య కొంచెం నొక్కి పలచన చేసి ఊదాలి. పలక్కపోతే మడతపెట్టిన చిన్న ఆకు ముక్కను ఆ కొసలో దోపండి. ఊదేముందు ఆకును కడగాలి, ఒకరి బూర ఇంకొకరు ఊదకూడదు.

11. పిల్లలతో కూర్చునేటప్పుడు

- కోత పనులన్నీ ముందురోజు రాత్రి పూర్తి చేసి పెట్టుకోండి. పిల్లలు ఎదురుచూస్తుంటే మీ చేతిలో చాకు తొందరపడుతుంది.
- మీరొకటి పూర్తిగా చేసి నమూనాగా ముందు పెట్టకండి. పెడితే అందరూ దాన్నే నకలు చేస్తారు, రాని పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. అడుగు అడుగుకూ మీరొకటి, వాళ్లొకటి చేయండి.
- వాళ్లు చేసినదాన్ని మీ చేతిలోకి తీసుకుని సరిచేయకండి. "ఏ పక్క రాసుకుంటోందో చూడు" అని అడగండి. వాళ్లే కనుక్కుంటారు, కొంచెం ఆలస్యంగా.
- ఒక పూటకు ఒకే వస్తువు.
- నలుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి తప్పనిసరి. పేళ్లు, ముళ్లతో పనిచేసే రోజు ఇద్దరుంటే మేలు.
- పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించడం, కింద పడ్డ ముళ్లు, పేళ్లు ఏరించడం కూడా పనిలో భాగమే.

విదేశాల్లో ఉన్న తెలుగు ఇళ్లలో తాటాకు, జొన్న దంటు దొరకవు, కానీ పద్ధతి అదే. మేపుల్ ఆకులు పేపర్ల మధ్య ఆరబెట్టొచ్చు, పైన్ కాయలు తడిసి ముడుచుకుని ఉంటే ఎండలో విచ్చుకుంటాయి. అమెరికా జాతీయ పార్కుల్లో సాధారణంగా ఆకు, రాయి ఏదీ తీసుకోనివ్వరు, ఇంటి పెరడు నుంచే మొదలుపెట్టండి. ఊరినుంచి గింజలు, ఆకులు పెట్టెలో తీసుకెళ్లేముందు ఆ దేశపు నిబంధనలు చూసుకోవాలి, చాలాచోట్ల ఆపేస్తారు.

12. దాచుకోవడం

చింతపిక్కలు, కాయలు రెండు రోజులు మంచి ఎండలో పెట్టి, చల్లారాక సీసాలో పోసి, పైన ఎండిన వేపాకు వేయండి. బెండు బొమ్మలకు చెదలు, ఎలుకలే శత్రువులు, అట్టపెట్టెలో కాకుండా మూతున్న డబ్బాలో ఉంచండి. రావి జాలి పుస్తకంలో, రెండు తెల్ల కాగితాల మధ్య. తాటాకు గిరక వానాకాలంలో బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి, గంటసేపు ఎండలో పెట్టి, మళ్లీ మెలిపెట్టండి. కొబ్బరాకు బూర, ముంజకాయ బుర్రలు దాచేవి కావు, వాటిని ఎరువుగుంటలో వేసేయండి.

ఏ కాలంలో ఏది దొరుకుతుందో ఒక కాగితం మీద రాసి పిల్లల గదిలో అంటించండి:

- వానలు తగ్గాక, చలికాలం: ముదురు రావి ఆకులు
- జొన్న కోతల తర్వాత: దంట్లు
- ఫిబ్రవరి నుంచి ఏప్రిల్: చింతపిక్కలు
- ఏప్రిల్ నుంచి జూన్: ముంజకాయలు
- ఏడాది పొడుగునా: తాటాకు, కొబ్బరాకు